గీకే ముందట ఒక్క పాట

2022 వానాకాలం. వరంగల్ కొత్తవాడలో, జంపఖానాల మగ్గాల చప్పుడు మధ్య నా హార్మోనియం రిపేరు దుకాణం. ఒక పెట్టె విప్పి ముందేసుకుంటే వచ్చినవాళ్లు గుమ్మంలో నిలబడాల్సినంత ఇరుకు. నేనూ భజనల్లో పెట్టె వాయించేవాణ్నే. సాటి వాద్యగాళ్లను మెచ్చుకోవడంలో మేము పిసినారులం. అలాంటి నేను పని ఆపి విన్న రోజు ఒకటుంది.

వర్ధన్నపేట నుంచి దానియేలన్న పెట్టె పట్టుకొని ఆటో దిగాడు. అక్కడి చర్చిలో ఏళ్లుగా ఆయన వాయిస్తుంటే, పక్కన భార్య సుగుణమ్మ పాడేది. ఆమె చనిపోయి అప్పటికి ఏడాది కూడా కాలేదు.

"తమ్మీ, దీన్ని చర్చిల పిల్లల కీబోర్డు శ్రుతికి కలిసేటట్టు చెయ్యి. లేకపోతే పిల్లలు నన్ను పక్కకు కూసోవెడుతరు."

"కీబోర్డునే జర దించుమనరాదే అన్నా? బటన్ నొక్కుడే గదా."

"వాళ్లు ఫోన్ల ట్రాక్ పెట్టుకొని పాడుతాండ్రు. నా ఒక్కని కోసం అన్ని దించుతరా?"

రీడ్ అంటే పెట్టె లోపల గాలికి అదిరే సన్నటి ఇత్తడి నాలుక. దాని కొసను గీకితే స్వరం పైకి లేస్తుంది. తరవాత నాలుక మొదలు దగ్గర గీకి దించవచ్చు గానీ, పాత నాదం అచ్చంగా తిరిగి రాదు. ఆ మాటే చెప్పాను.

"ఎరుకే తమ్మీ. ఇది సుగుణ గొంతుకు పెట్టిచ్చిన శ్రుతి. గీకే ముందట ఒక్క పాట వాయించుకోనియ్యి."

చాప మీద కూర్చొని బెలోస్ మీద, అంటే గాలి కొట్టే రెక్క మీద, చెయ్యి పెట్టాడు. ప్రార్థన పాట ఏదో ఎత్తుకున్నాడు. ముసలి గొంతు, అయినా ఎక్కడా తొణకలేదు. పల్లవి అయ్యాక పాడటం ఆపేశాడు. వేళ్లు మాత్రం చరణం వాయిస్తూనే ఉన్నాయి, ఎవరో పాడుతుంటే వెనక వాయించినట్టు మెత్తగా. ఆమె ఊపిరి తీసుకునే చోట ఆగాడు కాబోలు, మళ్లీ అందుకున్నాడు. మళ్లీ పల్లవికి ఆయన గొంతు కలిసింది. వాళ్ల పాటల్లో పల్లవి ఆయనది, చరణం ఆమెది. అది నాకెవరూ చెప్పనక్కర్లేకపోయింది. సుగుణమ్మ పాట నేనెన్నడూ వినలేదు.

"ఇట్లనే ఉంచుకోరాదే అన్నా?" అన్నాను.

"ఉంచుకుంటే ఇంట్ల నేను, పెట్టె. ఆదివారం ఆ పిల్లల నడుమ కూసోకపోతే నేను బతకలేను తమ్మీ. గీకు."

గీకాను. నా చేతులకు అంత బరువైన పని మళ్లీ తగల్లేదు. సాయంత్రానికి రీడ్లన్నీ కీబోర్డు శ్రుతికి వచ్చాయి. సరి చూసుకోమని పెట్టె ఆయన ముందు పెట్టాను. అదే పాట ఎత్తుకున్నాడు. పల్లవి అయింది. ఈసారి గొంతు ఆపలేదు, చరణం కూడా తనే పాడాడు.

"ఈ శ్రుతిల సుగుణ పాడదు. ఇగ నేనే పాడుకోవాలె" అన్నాడు, పెట్టె మూస్తూ.

శ్రుతి సరిచేయడమే నా పని అనుకునేవాణ్ని. ఇప్పుడు ఏ పెట్టె వచ్చినా, విప్పే ముందు ఒకసారి వాయించమంటాను, ఎంత తప్పు శ్రుతిలో ఉన్నా సరే. ఆ గొంతులేని చరణం ఇంకొక్కసారి వినాలని నాకు ఇప్పటికీ ఉంది. వినలేను. దాన్ని గీకేసింది నేనే.