నరబలి అడిగిన కాలేజీ

నాకూ, మా బావకూ మదరాసు, కాశీ ఇంజనీరింగ్ కాలేజీలు రెండింట్లోనూ సీట్లు వచ్చిన వేసవి అది. మాది కోవిల్‌పట్టి పక్కన నల్లరేగడి సేద్యం. నా మనసంతా మదరాసు మీదే ఉంది. విరుదునగరులో పత్తి వ్యాపారం చేసే మా మేనమామకేమో, చుట్టాలందరిలో మదరాసు ఇంజనీరు తన కొడుకొక్కడే కావాలని ఆశ. అందుకని మా అమ్మను భయపెట్టాడు.

“మదరాసులో వంతెనలు కట్టేది నేర్పిస్తారు చెల్లీ. తొలిచూలు కొడుకు తల ఇయ్యకుండా ఏట్లో వంతెన నిలుస్తాదా? తలకు వాళ్ళు యాడికి పోతారు? చదివే పిల్లకాయల్లోనే ఒకణ్ణి పట్టుకుంటారు. కాశీలో అయితే ఉత్త మిషన్ల చదువే, ఆ భయం లేదు.”

అమ్మకు తొలిచూలు నేనే. ఏడ్చి ఏడ్చి నన్ను కాశీకి పొమ్మంది. జనం చావడానికి వెళ్ళే ఊరికి, నన్ను బతికించుకోవడానికి పంపడం నాకు భలే నచ్చింది.

మర్నాడే విరుదునగరు వెళ్ళి, మామ లేనప్పుడు అత్తకు అదే కథ చెప్పాను. ఒక్కగానొక్క కొడుకంటే ఏటికి మరీ ఇష్టమని నా వంతు చేర్చాను. అత్త వెంటనే బావను పత్తి గోదాములో పెట్టి తాళం వేసింది.

సాయంత్రానికి మామ చెమటలు కక్కుతూ మా ఇంట్లో దిగాడు.

“బలీ లేదు, గిలీ లేదు! ఎవుడ్రా ఈ అబద్దం పుట్టించింది?”

అమ్మ వంటింట్లోంచి వచ్చింది. “నువ్వే కదా అన్నా చెప్తివి, ఈ తిన్నె మీదనే కూసోని?”

మామ నావైపు చూశాడు. నేను మర్యాదగా మంచినీళ్ళిచ్చాను.

“అబద్దమే చెల్లీ” అన్నాడు చివరికి.

అమ్మ నమ్మింది. మామ ఎంత చెప్పినా అత్త మాత్రం నమ్మలేదు. నేను మదరాసులో చేరాను, బావ కాశీలో చేరాడు. అక్కడి చలికి వణికిపోతున్నాడని విన్నప్పుడు జాలేస్తుంది. మామ ముఖం గుర్తొస్తే మాత్రం ఆ జాలి ఒక్క క్షణం నిలవదు.