యాక్సిల్‌కు పెట్టిన బొట్టు

పినపాక దగ్గర మా ఊళ్లో నాకో పాత ఫోర్ వీల్ డ్రైవ్ జీపు ఉంది. నిరుడు దసరాకు వాగు అవతలి ఊరి నుంచి మా అక్కను, నెలల పిల్లను తీసుకురావాలి. ముందు చక్రాలు కూడా లాగితేగాని జీపు ఆ వాగు ఒడ్డెక్కదు. సరిగ్గా అప్పుడే ముందు చక్రాలను తిప్పే డిఫరెన్షియల్ గేర్ల పెట్టె నుంచి ఆయిల్ కారడం మొదలైంది.

పండుగ ముందురోజు దాన్నుంచి చక్రాలకు వెళ్లే రెండు యాక్సిల్ షాఫ్టులూ ఊడదీసి, కడిగి మంచం మీద పెట్టి, షాఫ్టు చుట్టూ ఆయిల్ కారకుండా పట్టి ఉంచే కొత్త రబ్బరు సీళ్ల కోసం మణుగూరు వెళ్లాను. తిరిగొచ్చేసరికి అమ్మ ఆ షాఫ్టులకు పసుపు రాసి, కుంకుమ బొట్లు పెట్టేసింది. ఆ రోజు ఆయుధపూజ. పండుగ పూట బొట్టు తుడవడానికి చేయి రాక, అలాగే బిగించేశాను.

పొద్దున చూస్తే జీపు కింద మళ్లీ ఆయిల్ మడుగు. తిట్టుకుంటూ మళ్లీ అన్నీ విప్పాను. ఎండిన పసుపు పెచ్చు కొత్త సీలు అంచును కోసేసింది. పండుగని దుకాణాలన్నీ మూసేశారు. అక్క ఫోన్ మీద ఫోన్ చేస్తోంది. పట్టలేక అమ్మ మీద అరిచాను.

"నాకేం ఎర్క కొడుకా. ఇనుము కనవడ్డది, బొట్టు పెట్టిన. తెలిసినోనివి నువ్వన్నా తుడ్వాలె గద" అంది అమ్మ.

అమ్మే ఫోన్ తీసి అక్కకు జరిగిందంతా చెప్పింది. అక్క ఆ పండుగకు రానేలేదు.

ఇప్పటికీ జీపు తీసుకుని వస్తున్నానని ఫోన్ చేస్తే, అక్క ముందుగా అడిగేది ఒక్కటే.

"బొట్టు తుడిచినవా, తమ్ముడూ?"