నాడె పెట్టెలో తోలు ముక్క

మా చిన్నప్పుడు... పొద్దున కళ్ళు తెరవకముందే మగ్గం చప్పుడు వినపడేది. టక్... టక్... మధ్యలో పలక దెబ్బ. నిజానికి ఆ చప్పుడు ఆగితేనే నాకు మెలకువ వచ్చేది.

కడప జిల్లాలో, ఒంటిమిట్టకు బస్సులో గంట దూరంలో, నేతపనివాళ్ళ ఊరు మాది. ముందు గది నిండా గుంట మగ్గమే. గుంటలోకి కాళ్ళు వదిలి నాయన కూర్చునేవాడు. ఒక చేత్తో తాడు లాగితే, దారం నింపుకున్న నాడె పడుగు దారాల మధ్యనుంచి ఈ చివరి పెట్టెలోంచి ఆ చివరి పెట్టెలోకి ఒక్క ఉరుకు ఉరికేది. అది అటు చేరీ చేరగానే ఇంకో చేత్తో మగ్గానికి వేలాడే పలకను లాగి, వేసిన దారాన్ని నేతకు దగ్గరగా కొట్టేవాడు. చేతికీ నాడెకూ ఏదో ఒప్పందం ఉన్నట్టుండేది...

ఏళ్ళ తరబడి చీరలు నేసిన నాయన అమ్మకు మాత్రం ఒక్కటీ నేయలేదు. నేసినవన్నీ షావుకారు ఇంటికే పోయేవి. నేను ఐదో తరగతిలో ఉన్న ఏడు, ఒంటిమిట్ట రథోత్సవానికి అమ్మ కట్టుకోవాలని తనే నూలు తెచ్చి పడుగు పెట్టాడు. వంకాయ రంగు, పసుపు అంచు. అమ్మ గదిలోకి వచ్చినప్పుడల్లా తడిచేతులు తుడుచుకుని, నేసినంతమేర ఒకసారి నిమిరి పోయేది.

ఎల్లుండే రథోత్సవం. కొంగు ఒక్కటే మిగిలింది.

మధ్యాహ్నం నాయన సంగటి తినడానికి లేచాడు. వాకిట్లో తొక్కుడుబిళ్ళ గీతలు గీసుకున్నాను గానీ నా బిళ్ళ కనిపించలేదు. వెతుకుతుంటే ఎడమవైపు నాడె పెట్టె చివర ఇరికించిన తోలు ముక్క కంటబడింది. ఏ పాత చెప్పుదో... అరిగి, నల్లబడి ఉంది. నాడె దారిలో ఈ చెత్త ఎందుకనుకుని పీకేశాను. చేతికి గోరువెచ్చగా తగిలింది. ఎండకేమో అనుకున్నాను... కానీ ఆ గదిలోకి ఎండ రాదు.

బిళ్ళగా అది భలే పనిచేసింది. ఏ గడిలో వేస్తే ఆ గడిలోనే, ఎగరకుండా అతుక్కునేది.

మూడో గడిలో ఉండగా లోపల మగ్గం మొదలైంది. ఎప్పుడూ వినని చప్పుడు, కర్ర మీద కర్ర పడ్డట్టు. ఆ వెంటనే దారాలు పుటపుటా తెగిన చప్పుడు. తర్వాత ఏమీ లేదు.

పరిగెత్తాను. నాడె పెట్టెలో ఆగకుండా ఎగిరి పడుగులోకి తిరిగి వచ్చేసింది. నాయన చెయ్యి అప్పటికే పలకను లాగేసింది. పలకకూ నేతకూ నడుమ నాడె ఇరుక్కుని, బెత్తెడు మేర దారాలు తెగి వేలాడుతున్నాయి.

నాడెకు దారం కండెలు చుడుతున్న అవ్వ రాట్నం ఆపింది. "ఏమప్పా, ఇన్నేండ్ల నుంచి నేస్తాండావు, ఈ పొద్దు చెయ్యి మర్చిపోయినాదా?"

"నేను గాదమ్మా. ఈడ తోలు లేదు." నాయన పెట్టెలో వేలు పెట్టి తడిమాడు. "యాడ పోయినట్టు?"

అది నా గుప్పిట్లో ఉంది. వాకిట్లోకి విసిరేస్తే ఎవరికీ తెలియదు... గడపలో నిలబడి, తెగిన దారాలనే చూస్తున్న అమ్మ ముఖం చూశాక చెయ్యి దానంతటదే ముందుకు వెళ్ళింది.

"బిళ్ళకని తీసినా నాయనా."

"బాగుండాది. మీ అమ్మ చీర మీదనే ఆడినావు తొక్కుడుబిళ్ళ," అంది అవ్వ.

నాయన కొట్టలేదు. నాడెను చేత్తో పెట్టెలోకి విసిరాడు. చివర తగిలి మూరెడు వెనక్కి వచ్చింది. తోలు ఇరికించి మళ్ళీ విసిరాడు. తగిలి, అక్కడే పడుకుంది.

"సూడు. నేను లాగిన లాగుడంతా నాడెలో ఉంటాది. ఆడికి పోయినాక అది యాడికన్నా పోవల్ల గదా. దీంట్లోకి పోతాది."

"దీంట్లోకి పోయి ఏమైతాది నాయనా?"

నాయన తోలును వేలితో నొక్కి చూశాడు. "అది నాకూ తెలీదు పాపా. కాకుంటే నేసేకొద్దీ ఇది ఎచ్చగయితాది."

"మాట్లాడతా కూచుంటే దారాలు కలుస్తాయా? జరుగు," అంటూ అమ్మ వచ్చి మగ్గం దగ్గర కూర్చుంది. పొద్దు గూకేదాకా ఒక్కో దారానికీ ముడి వేసింది. నాకూ కొన్ని ఇచ్చింది. అమ్మ ముడులు కంటికి ఆనవు. నావి ఆవగింజల్లా లేచి ఉన్నాయి. విప్పబోతే ఆపింది. "ఉండనీలే. నీవని తెలుస్తాది."

మరుసటి సాయంత్రానికి చీర మగ్గం దిగింది. రథం ముందు, నా ఆవగింజలను భుజాన వేసుకుని, అమ్మ నిలబడింది. అందరూ దేవుణ్ణి చూస్తుంటే నేను చక్రం కింద అడ్డం పెట్టే చెక్కను చూశాను. అంతమంది లాగిన లాగుడు దాంట్లోకి పోతోంది కదా...

ఇంటర్‌లో 'అభిఘాతం' అనే మాట మొదటిసారి చదివాను. రెండు వస్తువులు ఢీకొనడానికి ఎంత గంభీరమైన పేరు! రోజంతా పెదవుల మీదే ఉంది. ఢీకొన్నాక కలిసి ఆగిపోయిన వస్తువుల గతిజశక్తి ఏమైందని సార్ అడిగారు. "నశించింది" అన్నారెవరో. నేను లేచి, "వేడిగా మారింది సార్. చేత్తో పట్టుకున్నాను" అన్నాను. క్లాసంతా నవ్వింది. సార్ నవ్వలేదు.

సెలవులకు ఇంటికి వెళ్ళి నాయనకు చెప్పాను... శక్తి నశించదట, రూపం మార్చుకుంటుందట, అంతేనట.

"అట్లనా?" అని మగ్గం పలక మీద చెయ్యి వేశాడు. "అయితే నేను ఇన్నేండ్లు లాగిందంతా ఈడనే యాడో ఉండాదన్నమాట."

ఇప్పుడు మగ్గం లేదు. గుంట పూడ్చి కడప బండలు పరిచాం. పొద్దున ఫోన్ అలారం లేపుతోంది. ఇంటికి వెళ్ళినప్పుడు ఆ బండల మీద ఉత్త కాళ్ళతో నిలబడితే గోరువెచ్చగా ఉంటుంది. ఎండాకాలం కదా అంటుంది అమ్మ... కానీ ఆ గదిలోకి ఎండ రాదు.

మీ ఇంట్లోనూ ఆగిపోయిన మగ్గమో, రాట్నమో, తిరగలో ఉండేదా? ఆ చోట ఒకసారి చెయ్యి పెట్టి చూసి చెప్పండి...