ఎరుపు రంగు సరిచేసిన మధ్యాహ్నం

అమ్మ పోయిన నెలన్నరకు నేను నల్లగొండలో పనికి చేరాను. గడియారం చౌరస్తాకు దగ్గర్లో, మేడ మీద ఒక ఇంటర్నెట్ సెంటర్. అంతకుముందు అది టైపు నేర్పే ఇన్‌స్టిట్యూట్. ఇంటర్ చదివే రోజుల్లో నేను టైపు నేర్చుకున్నది అక్కడే. తొంభైల చివరికి వచ్చేసరికి టైపు కోసం వచ్చేవాళ్లు తగ్గిపోయారు. మా సారు టైపు మిషన్లన్నీ ఒక మూలకు నెట్టి మూడు కంప్యూటర్లు తెచ్చారు. ఆయన ముస్లిం పెద్దాయన, ఆడపిల్లలందరినీ బేటా అనేవారు. అమ్మ సంగతి తెలిసి కబురు పంపారు. "ఇంట్ల కూసొని ఏం చేస్తవ్ బేటా, ఇక్కడికి రా" అన్నారు. వెళ్లాను. రానని చెప్పడానికైనా ఏదో ఒక కారణం ఉండాలి, అది కూడా నా దగ్గర లేదు.

మాది మోత్కూర్ అవతల ఒక ఊరు, చేనేత కుటుంబం. బాపు మగ్గం నేసేవాడు. నూలుకు రంగు అంటకూడని చోట సైకిల్ ట్యూబు ముక్కలతో ముళ్లు కట్టి అద్దకం వేసేది అమ్మ. ముళ్లు విప్పేసరికి చీర మీద రావలసిన పువ్వు నూలులోనే సిద్ధంగా ఉండేది. ఆమె పోయాక ఇంట్లో ఆ పని ఆగిపోయింది. బాపు సాదా చీరలు నేయడం మొదలుపెట్టాడు.

సెంటర్‌లో నా పని తేలికే. ఇంటర్నెట్ ఫోను లైను మీద వచ్చేది, నత్తనడక. ఒక పేజీలో నాలుగు బొమ్మలుంటే అది పూర్తిగా తెరుచుకునేలోగా చాయ్ తాగి రావచ్చు. అందుకే బొమ్మలు రానివ్వకూడదని సారు నియమం పెట్టారు. పొద్దున్నే ఒక్కో కంప్యూటర్‌లో బ్రౌజర్ తెరిచి, ఆప్షన్లలోకి వెళ్లి, చివరి పేజీలో ఉండే పొడుగాటి జాబితాలో 'బొమ్మలు చూపించు' అన్న చోట టిక్కు తీసేసేదాన్ని. అప్పుడు బొమ్మ ఉండాల్సిన చోట ఖాళీ డబ్బా, దాని మూలన చిన్న గుర్తు మాత్రమే కనిపించేవి. చూపు ఆననివాళ్లు వస్తే అక్షరాలు పెద్దవి చేసేదాన్ని. తెలుగు పేపర్లు చదవాలంటే ఒక్కోదానికి ఒక్కో ఫాంటు ఎక్కించాలి, లేకపోతే పిచ్చి గీతలు వచ్చేవి. ఈ పనులన్నిటికీ చెయ్యి చాలు, మనసుతో అవసరం లేదు. రోజులు గడిచిపోయేవి. అన్నం తినేదాన్ని, నిద్రపోయేదాన్ని, ఎవరైనా నవ్విస్తే నవ్వేదాన్ని కూడా. ఏడుపు మాత్రం రాలేదు. దినాల నాడు కూడా రాలేదు. చుట్టాలు నా మొహంలోకి చూసి తల తిప్పుకున్నారు.

ఒక మధ్యాహ్నం బాపు మెట్లెక్కి వచ్చాడు. చేతిలో సంచి, జేబులో మడిచిన కాగితం. సారుకు దండం పెట్టి, నా పక్కన కుర్చీ అంచు మీద కూర్చున్నాడు.

"చేనేత ఆఫీసుకు వచ్చిన బిడ్డా. ఆడ ఒకాయన చెప్పిండు, మన చీర కంప్యూటర్ల పెట్టిండ్రట. గీ కాగితం మీద రాసిచ్చిండు. జర తీసి చూపెట్టు."

అంతకు ముందటేడు పట్నం నుంచి ఎవరో వచ్చి, మా ఇంటి గోడకు చీరలు వేలాడదీసి ఫొటోలు తీసుకుపోయారు. అందులో అమ్మ ఆఖరిసారి ముళ్లు కట్టిన ఎర్ర చీర ఉంది. కాగితం మీది అడ్రసు కొట్టాను. పేజీ వచ్చింది. పైన ఇంగ్లీషులో నాలుగు మాటలు, కింద పన్నెండు ఖాళీ డబ్బాలు.

"ఏదీ?" అన్నాడు బాపు.

"బొమ్మలు బంద్ పెట్టినం బాపు. బొమ్మలుంటే లైను గుంజదని."

బల్ల దగ్గర కూర్చున్న సారు వింటూనే ఉన్నారు. "అన్నీ వద్దు బేటా, నాయిన అడిగింది ఒక్కటి తియ్యి" అన్నారు. డబ్బాల కింద చీర రంగు రాసి ఉంది. ఎరుపు అని ఉన్న డబ్బా మీద మౌసు కుడి బటన్ నొక్కితే ఆ ఒక్క బొమ్మనే రప్పించుకోవచ్చు. నొక్కాను.

పై నుంచి ఒక్కో చార దిగసాగింది. మొదట మా గోడ సున్నం, తర్వాత చీర అంచు. సగంలో లైను తెగింది. మళ్లీ కలిపి మళ్లీ మొదటి నుంచి రప్పించాను. బాపు మోకాళ్ల మీద చేతులు పెట్టుకుని కదలకుండా చూస్తున్నాడు. చివరికి చీర మొత్తం వచ్చాక ఆయన మొహం ముడుచుకుంది.

"గిది మన చీర కాదు."

"మనదే బాపు. గోడ చూడు, మనింటిదే."

"గోడ మనదే. రంగు గిట్ల లేకుండె. మీ అమ్మ ఏసిన ఎరుపు గిట్లుంటదా? ఇటుక పొడి లెక్కుంది. లోకమంత గిట్లనే చూస్తాండ్రా?"

తెర రెండొందల యాభై ఆరు రంగులకే పెట్టి ఉంది. అందులో దొరకని రంగుకు బదులు దగ్గర్లో ఉన్నదేదో అది వేసేసుకుంటుంది. ఆ సంగతి ఆయనకు చెప్పాను. "అయితే మార్చు" అన్నాడు, మగ్గం మీద దారం తెగితే ముడి వెయ్యమన్నంత మామూలుగా. ఆ పాత కంప్యూటర్‌లో రంగులు పెంచాలంటే తెర కొలత తగ్గించాలి. తగ్గించాను. కంప్యూటర్ ఆపి మళ్లీ పెట్టాను, లైను కలిపాను, పేజీ తెరిచాను, డబ్బా మీద నొక్కాను. దాదాపు గంట పట్టింది. సారు గడియారం వైపు ఒక్కసారి కూడా చూడలేదు.

ఈసారి పేజీ సగమే తెరలో పట్టింది కానీ ఎరుపు ఎరుపుగా వచ్చింది.

"ఇగో, గిది" అన్నాడు బాపు. కుర్చీ ముందుకు జరుపుకున్నాడు. ముక్కు తెరకు తగిలేంత దగ్గరగా వంగి వేలితో ఒక వరుస చూపించాడు. "జర పెద్దగ చెయ్యి."

అక్షరాల సైజు అన్నిటికంటే పెద్దదానికి మార్చాను. ఇంగ్లీషు మాటలు లావెక్కాయి. చీర అంతే ఉంది. ఆ బ్రౌజర్‌లో బొమ్మను పెద్దది చేసే దారి నాకు తెలియదు.

"పోనీ తియ్యి, కనపడుతాంది. గీ వరుస చూసినవా? పువ్వు జరిగింది. ముడి బిగువు లేక రంగు లోపలికి పోయింది. రంగెయ్యకముందే ఇప్పి మళ్ల కట్టమని మీ అమ్మకు చెప్పిన. చెయ్యి వణుకుతాంది, నాతోని కాదన్నది. పని తప్పించుకుంటాందనుకొని కోపం చేసిన."

ఆ చీర అయిన ఆర్నెల్లకు హైదరాబాద్‌లో పెద్ద దవాఖాన వాళ్లు అమ్మ మెదడులో గడ్డ ఉందని చెప్పారు. చెయ్యి వణకడం అక్కడి నుంచే మొదలైందని కూడా చెప్పారు. బాపు ఆమె మీద కోపం చేసిన సంగతి ఈ మధ్యాహ్నం దాకా ఎవరికీ చెప్పలేదు.

ఆయన నా వైపు చూశాడు. ఏదో ఒక మాట అనాలని నాకు తెలుసు. ఆ వరుస వైపే చూశాను. గోరంత తెల్ల మచ్చ ఎర్రబడి ఉంది, అంతే. గుండెలో ఏదైనా కదులుతుందేమోనని కాసేపు ఆగాను. కదలలేదు. "బొమ్మ కంప్యూటర్ల దాచిపెట్టనా బాపు?" అని అడిగాను.

"వద్దు. చూసిన గద" అన్నాడు.

సారు నన్ను బాపుతో పంపారు. బస్టాండు హోటల్‌లో ఇద్దరం చాయ్ తాగాం. బాపు సాసర్‌లో పోసుకుని ఊదుకుంటూ, "చేతులు చాపు" అన్నాడు. బల్ల మీద రెండు చేతులూ చాపాను. చాలాసేపు చూశాడు.

"వణుకుతలేవు గద?"

"లేవు బాపు."

"ఎప్పుడన్న వణికితే చెప్పాలె. దాచొద్దు."

సరేనన్నాను. మోత్కూర్ బస్సు వస్తే ఎక్కి కిటికీ పక్కన కూర్చున్నాడు. బస్సు కదిలేదాకా నిలబడి, సెంటర్‌కు తిరిగి వచ్చి, రంగులు తగ్గించి, తెర కొలత పెంచి, అక్షరాలు మామూలు సైజుకు తెచ్చాను. సాయంత్రం ఎవరో ఉద్యోగాల పేజీ చూడటానికి వచ్చారు.

కొన్ని నెలలకు ఆ పేజీలోంచి మా చీర తీసేసి, ఆ చోట ఇంకొకటి పెట్టారు. బాపుకు చెప్పలేదు, ఆయన అడగలేదు కూడా. ఆయన సాదా చీరలే నేస్తూ వచ్చాడు. నేను మరో రెండేళ్లు అక్కడే పనిచేశాను.

ఏడుపు వచ్చింది మరుసటేడు. ఇంటికి పోతుంటే నకిరేకల్ దగ్గర బస్సు టైరు పంచరై అందరం దిగి రోడ్డు పక్కన నిలబడ్డాం. ఎండగా ఉంది. అప్పుడు నేను అమ్మ గురించి ఆలోచించడం లేదు, దేని గురించీ ఆలోచించడం లేదు. ఉన్నట్టుండి మొదలై ఎంతకీ ఆగలేదు. పక్కనున్న ఒకామె చెయ్యి పట్టుకుని, "ఏమైంది బిడ్డా?" అని అడిగింది.

కడుపునొప్పి అని చెప్పాను. ఆమె తన సీసాలోని నీళ్లు తాగించింది.