మరదలి ప్రార్థనకు నాయన ఆమెన్

దయ్యాలనీ దర్శనాలనీ నేను ఎన్నడూ నమ్మలేదు. సంఘంలో ఎవరికైనా స్వరం వినిపించిందంటే, ముందు బీపీ చూపించుకోమని చెప్పే మనిషిని. ఇప్పుడు నేను చెప్పబోయేది ఇంకొకరు వచ్చి నాతో చెప్పి ఉంటే, వాళ్లకూ అదే సలహా ఇచ్చేదాన్ని.

మా నాయన పెనుకొండలో నా తమ్ముడి ఇంట్లో ఉండేవాడు. పక్షవాతంతో కుడిపక్క పడిపోయింది, మాట పోయింది. తమ్ముడు లారీ ఎక్కితే వారానికి గానీ ఇల్లు చేరడు. మరదలు మార్త హిందూపురంలో ఒక గార్మెంట్ ఫ్యాక్టరీలో మిషన్ కుడుతుంది. అందుకని పగటిపూట నాయనను చూసుకోవడానికి నేను ధర్మవరం నుంచి రోజూ రైల్లో వచ్చేదాన్ని.

మార్తది రొళ్ల దగ్గర, కర్ణాటక సరిహద్దు పల్లె. బైబిలు కూడబలుక్కుని చదువుతుంది. ప్రార్థనకని మోకరించదు, కళ్లు మూయదు. గిన్నెలు తోముతూ, పిండి కలుపుతూ, సగం కన్నడం సగం తెలుగులో ఏదో గొణుగుతుంది. నేనేమో మా సంఘంలో స్త్రీల కూటానికి నాయకురాలిని. నేను ప్రార్థన ఎత్తుకుంటే ముసలివాళ్లు కొంగుతో కళ్లు తుడుచుకుంటారు.

అలాంటిది, మాట పోయిన నాలుగు నెలలకు నాయన మొదటిసారి నోరు తెరిచి 'ఆమెన్' అన్నది మార్త గొణుగుడికి. అది ఆదివారం సాయంత్రం. ఆమె వాకిట్లో బట్టలు పిండుతోంది. నేను ఆయన మంచం పక్కనే మోకాళ్ల మీద అరగంట ప్రార్థన చేసి అప్పుడే లేచాను. నాకు ఆయన పెదవి కూడా కదపలేదు. కన్నకూతురిని నేను. నిన్నగాక మొన్న వచ్చిన పిల్ల ఆమె.

"నీళ్ల సద్దుకు మెలకువ వచ్చింటాదిలే వదినా," అంది మార్త నా ముఖం చూసి. ఆ అణకువకు నాకు ఇంకా ఒళ్లు మండింది. అత్త మీద కోపం దుత్త మీద చూపినట్టు, ఆ పూట గిన్నెలన్నీ దడేల్మని పడేశాను.

తర్వాత ఆమె ఇంట్లో లేనప్పుడు కూడా మొదలైంది. పట్టపగలు, ఇంట్లో మేమిద్దరమే ఉంటాం, టీవీ ఆపేసి ఉంటుంది. ఉన్నట్టుండి ఆయన స్పష్టంగా 'ఆమెన్' అనేవాడు. డాక్టరును అడిగితే, ఈ జబ్బులో కొందరికి ఒక్కో మాట అలా మిగిలిపోతుందన్నారు. సరే అనుకున్నాను. అయినా గోడ గడియారం చూసి క్యాలెండరు మీద టైములు రాయసాగాను.

ఒకరోజు మార్తను అడిగాను, ఫ్యాక్టరీలో కూడా ప్రార్థన చేస్తావా అని.

"ఆడ యాడ తీరుతాది వదినా. ఒక కట్ట గుడ్డలు కుట్టేది అయిపోతే, ఇంకో కట్ట వచ్చేలోగా ఒకరి పేరు చెప్పుకుంటా. అంతే."

మర్నాడు ఆ కట్టలు ముగిసే టైములు రాసుకు రమ్మన్నాను. ఎందుకని అడగలేదు. లోపలికి ఫోన్లు తీసుకుపోనివ్వరు, పెన్నుతో అరచేతిలో రాసుకొచ్చింది. ఏడు టైములు. నా క్యాలెండరు మీద కూడా ఆ రోజుకు అవే ఏడు ఉన్నాయి. ఒక్కదానిలో మాత్రం రెండు నిమిషాల తేడా.

స్తోత్రం చెప్పాల్సిన దాన్ని, రైల్లో ధర్మవరం దాకా కుళ్లుకుంటూ పోయాను.

తర్వాతి వారం ఒక మధ్యాహ్నం వంటింట్లో బియ్యం కడుగుతున్నాను. నోరు తెరవలేదు. మనసులోనే అనుకున్నాను: ప్రభువా, ఇంక ఆమెకు ఆయన పలకకూడదు. నా జన్మలో అంత నిజంగా ఏదీ అడగలేదు.

గదిలోంచి నాయన 'ఆమెన్' అన్నాడు.

పరుగున వెళ్లి చూశాను. ఆయన వాకిలి వైపే, నా వైపే చూస్తున్నాడు. అది మార్త కట్టకు పలికిన మాటేలే అని సర్దిచెప్పుకున్నాను. సాయంత్రం ఆమె వస్తూనే కూలబడింది.

"ఈ పొద్దు కొత్త లైనుకు వేసినారు వదినా. పొద్దన్నుంచి ఒక పేరు చెప్పుకునేదానికి కూడా తీరలేదు."

నాయన మళ్లీ ఆ మాట అనలేదు. ఆ తర్వాత మూడు నెలలు బతికాడు. మార్తకు పలకలేదు, నాకు పలకలేదు, పాస్టరుగారికీ పలకలేదు. మార్త గిన్నెల దగ్గర ప్రార్థన ముగించి, చెయ్యి ఆపి, గది వైపు చెవి పెట్టేది. "మామ ఈ పొద్దు ఏమన్నా పలికినాడా?" అని నన్ను అడిగేది. లేదనేదాన్ని. ఆ మధ్యాహ్నం సంగతి ఆమెకు ఈనాటికీ చెప్పలేదు.

డాక్టరు చెప్పిందే నిజం కావచ్చు. కానీ నేను పైకి అనని మాట పక్కగదిలో ఆయనకెలా చేరిందో నాకు తెలియదు. ఎంత ఆలోచించినా దొరకడం లేదు.

మొన్న పెనుకొండకు వెళ్తే మార్త పిండి కలుపుతూ గొణుగుతూనే ఉంది. మధ్యలో నా పేరు వినబడింది. పలికేవాళ్లు లేకపోయినా ఆమె ప్రార్థన ఆగలేదు. దానికి కూడా నాకు కుళ్లే. కూటంలో ఇప్పటికీ నేనే ప్రార్థన ఎత్తుకుంటాను. ఇంట్లో ఒంటరిగా ఉన్నప్పుడు మాత్రం ఏమీ అడగను. ఎక్కడైనా ఎవరైనా ఆమెన్ అంటారేమోనని భయం.