అమ్మ ఒక్కపొద్దులు

నా చిన్నప్పుడు మా ఇల్లు అమ్మ భక్తి పుణ్యాన గట్టెక్కిందని మావాళ్ళు ఇప్పటికీ చెప్పుకుంటారు. వారానికి నాలుగు రోజులు ఒక్కపొద్దులుండి, దేవుణ్ణి మెప్పించి, నాన్నగారికి మళ్ళీ మంచి ఉద్యోగం వచ్చేలా చేసిందట. ప్రతి ఏడాదీ అమ్మ తద్దినం రోజున, భోజనాలయ్యాక, ఎవరో ఒకరు ఈ కథ ఎత్తుకుంటారు. మా మేనత్త అయితే కొంగుతో కళ్ళు కూడా ఒత్తుకుంటుంది. నేను నోరు మూసుకుని వినలేను. "ఇదిగో, మొదలెట్టింది" అంటారు నన్ను చూసి. అవును, మొదలెడతాను. అప్పుడు ఆ ఇంట్లో ఉన్నది నేను. కళ్ళొత్తుకునే మేనత్త కాదు.

నాకప్పుడు పదేళ్ళు. విజయవాడ సత్యనారాయణపురంలో నాలుగు వాటాల ఇంట్లో ఒక వాటా మాది. నాన్నగారు ఒక లారీ ట్రాన్స్‌పోర్టు ఆఫీసులో గుమాస్తాగా చేసేవారు. అది మూతపడింది. ఇంకోచోట సగం జీతానికి కుదిరారు. ఒక ఆదివారం నాన్నగారు, నానమ్మ, గుడివాడ నుంచి పనిగట్టుకుని వచ్చిన పెదనాన్న ముందుగదిలో కూర్చుని, నెల ఖర్చు ఎక్కడెక్కడ తగ్గించాలో కాగితం మీద పెట్టారు. పాలు సగం. పేపరు వద్దు. ఇస్త్రీ వద్దు. నా సంగీతం క్లాసు వద్దు. సిగరెట్ల దగ్గరికి వచ్చేసరికి పెదనాన్న, "బయట తిరిగే మగాడు, ఆ ఒక్కటీ ఉండనీ అమ్మా" అన్నారు. ఉండనిచ్చారు. నానమ్మ రెండు పూటల కాఫీ గురించి ఎవరూ ఎత్తనే లేదు. బియ్యం మాత్రం తగ్గించి రాశారు. ఎవరి కంచంలో తగ్గుతాయో రాయలేదు.

అంతసేపూ అమ్మ వంటింట్లో రుబ్బురోలు దగ్గరుంది. ఆ ఇంట్లో ఏ సరుకు ఎన్నాళ్ళు వస్తుందో తెలిసిన ఒకే ఒక్క మనిషిని ఎవరూ పిలవలేదు. అంతా అయ్యాక నానమ్మ ఆ కాగితం తెచ్చి, "ఇదిగో, ఇందులో సర్దు" అని చేతికిచ్చింది. అమ్మ చెయ్యి తుడుచుకుని తీసుకుంది.

ఆ శనివారం అమ్మ ఒక్కపొద్దు మొదలుపెట్టింది. తర్వాత సోమవారం చేరింది. నెల తిరక్కుండా గురువారం, శుక్రవారం కూడా. నానమ్మ ఉబ్బిపోయింది. గుడిలో కనిపించిన ప్రతివాళ్ళకీ "మా కోడలి నిష్ఠ" అని చెప్పుకునేది. నేనూ తక్కువ తినలేదు. బళ్ళో చెప్పాను, పక్క వాటాలో చెప్పాను.

పక్క వాటా పిన్నిగారంటే నానమ్మకి పడేది కాదు, నోరు పెద్దదని. వాళ్ళాయన ఇబ్రహీంపట్నం థర్మల్ ప్లాంటులో పనిచేసేవారు. పొద్దున్నే బస్సెక్కితే మళ్ళీ చీకటిపడ్డాకే రావడం. ఆ రోజు పిన్నిగారు గడపలో కూర్చుని గోంగూర ఒలుస్తోంది. నేను వెళ్ళి గొప్పలు మొదలుపెట్టాను.

"మా అమ్మ వారానికి నాలుగు ఒక్కపొద్దులు. మీరు ఒక్కటే!"

"అబ్బో, మీ అమ్మతో నాకు పోటీ ఏంటే! ఇంతకీ రాత్రిళ్ళు ఏం ఫలహారం చేసుకుంటదేంటి?"

"ఏం చేసుకోదు. మంచినీళ్ళు తాగి పడుకుంటుంది."

పిన్నిగారి చెయ్యి ఆగిపోయింది.

ఒక్కపొద్దు సంగతి తెలిసిన ఇళ్ళల్లో ఎవరైనా చెబుతారు. పగలు ఒక్కపూటే అన్నం. రాత్రికి ఇడ్లీయో, అట్టో, ఉప్పుడు పిండో చేసుకుంటారు. అసలు ఇంట్లో పిల్లలకి పెద్దవాళ్ళ ఒక్కపొద్దులంటే ఇష్టం ఎందుకు? ఆ రాత్రి టిఫిన్ ఉంటుందని. లెక్కకు చూస్తే అన్నం కంటే ఆ ఫలహారానికే ఖర్చెక్కువ. మా ఇంట్లో నాలుగు ఒక్కపొద్దులు నడుస్తున్నాయి, అట్లపెనం మాత్రం పొయ్యెక్కలేదు. నానమ్మకి ఇది తట్టలేదు. నాకూ తట్టలేదు. గోంగూర ఒలుచుకుంటున్న మనిషికి తట్టింది.

మర్నాడు శనివారం. దీపాలవేళ పిన్నిగారు కాళ్ళకి పసుపు రాసుకుని, కుంకుమ భరిణె పట్టుకుని మా ఇంటికొచ్చింది.

"వదినగారూ, మీరు కాదనకూడదు. మావారి ఉద్యోగం పర్మినెంటు కావాలని మొక్కుకున్నానండీ. ఒక్కపొద్దున్న ముత్తయిదువుకి పదకొండు వారాలు ఫలహారం పెట్టాలి."

అమ్మ మొహం పాలిపోయింది. "నేను రాత్రిళ్ళు ఏమీ తీసుకోనండీ. ఇంకెవరినైనా చూసుకోండి."

"ఇంకెవరున్నారండీ, మీ అంత నిష్ఠగా? ఇక్కడున్నవాళ్ళందరం తిండిపోతులమేగా! ఏమంటారు పెద్దమ్మగారూ?"

నానమ్మ ఏమంటుంది? కోడలి నిష్ఠను ఊరంతా చాటిన మనిషి. "వెళ్ళవే. ముత్తయిదువువి, పిలిస్తే కాదనకూడదు" అంది.

అమ్మతో పాటు నేనూ వెళ్ళాను. పీట వేసి, విస్తరాకులో ఆరు ఇడ్లీలు, కొబ్బరిపచ్చడి, నెయ్యి వడ్డించింది పిన్నిగారు. అమ్మ మొదటి ఇడ్లీ మెల్లిగా తింది. రెండోది మెల్లిగా తినలేకపోయింది. మా అమ్మ అంత గబగబా తినడం నేనెప్పుడూ చూడలేదు. నాకెందుకో సిగ్గేసి గోడకేసి చూశాను. తిరిగి చూసేసరికి రెండు ఇడ్లీలు కొంగులోకి తీస్తోంది. నాకోసమని.

"అదేం కుదరదండీ," అంది పిన్నిగారు, ఎప్పటి పెద్దగొంతుతోనే. "మొక్కు ఫలహారం గడప దాటకూడదు. పిల్లకి నేను వేరే పెడతా. అవి మీరు ఇక్కడే తినాలి."

అలాంటి నియమం ఎక్కడా లేదు. అప్పటికప్పుడు పుట్టించింది. అమ్మ తలొంచుకుని తింది. కన్నీళ్ళు విస్తట్లో పడుతుంటే పిన్నిగారు చూడనట్టు, "కారం ఎక్కువైందేమో, పచ్చిమిరపకాయలు మండిపోతున్నాయి ఈ మధ్య" అని నీళ్ళ గ్లాసు దగ్గరగా జరిపింది. వెళ్ళేటప్పుడు బొట్టు పెట్టి, పండు చేతిలో పెట్టి, అమ్మ కాళ్ళకి దణ్ణం కూడా పెట్టింది. అన్నం పెట్టినావిడే వంగింది. తిన్నావిడ నిలబడి అక్షింతలు వేసింది.

వాళ్ళాయన ఉద్యోగం నేను పుట్టకముందే పర్మినెంటయింది. ఇది నేను డిగ్రీ చదివేటప్పుడు అమ్మే చెప్పింది. తనకి మొదటిరోజే తెలుసట. "తెలిసి ఎందుకు వెళ్ళావు?" అంటే, "ఆకలేసింది" అంది. అంతే అంది.

శనివారాలే కాదు, సోమవారాలకీ గురువారాలకీ కూడా పిన్నిగారికి కొత్త మొక్కులు గుర్తొచ్చాయి. ఆరు వారాలు అలా సాగింది. ఏడో వారం వాళ్ళకి ప్లాంటు దగ్గర క్వార్టర్సు వచ్చాయి. సామాను లారీలో వెళ్ళిపోయింది. అమ్మ మళ్ళీ మంచినీళ్ళకి వచ్చింది. అది భక్తి కాదు, పస్తులని ఈసారి నాకు తెలుసు. అయినా ఎవరికీ చెప్పలేదు. చెబితే అమ్మ పరువు పోతుందనుకున్నాను. పదేళ్ళ పిల్లకి పరువు గురించి అంతా నేర్పారు, ఆకలి గురించి ఏమీ నేర్పలేదు.

దసరా ముందు ఒక పొద్దున్న అమ్మ కుళాయి దగ్గర బిందెతో సహా పడిపోయింది. ఒంట్లో రక్తం లేదన్నారు డాక్టరుగారు. అప్పుడు చూడాలి మావాళ్ళని. "మరీ అంత భక్తి పనికిరాదమ్మా" అని పెదనాన్న మందలించారు. "నేను చెబుతూనే ఉన్నా, వింటేనా" అంది నానమ్మ. ఆసుపత్రి మంచం మీద పడుకుని, అమ్మ అందరిచేతా భక్తి ఎక్కువైనందుకు తిట్లు తింది. తర్వాత నాన్నగారికి మంచి ఉద్యోగమే వచ్చింది. అమ్మ మాత్రం మళ్ళీ పూర్తిగా కోలుకోలేదు. యాభై నిండకుండానే పోయింది. ఆ ఒక్కపొద్దుల వల్లే అని ఏ డాక్టరూ అనలేదు, నేనూ అనను. కాదని మాత్రం నాతో ఎవరూ అనకండి.

నేనిప్పుడు కాలేజీలో పాఠాలు చెబుతాను. మధ్యాహ్నం క్యారేజీ లేకుండా వరండాలో తిరిగే పిల్లలు ఏటా ఒకరిద్దరు కనబడతారు. "తిన్నావా?" అని అడగను. అడిగితే తిన్నామనే చెబుతారు. "ఒక్కదాన్నే తింటే నాకు సహించదు, కాస్త తోడు కూర్చోవే" అంటాను. ఇవ్వాలనుకున్నప్పుడు అడుగుతున్నట్టు అడగడం నాకు పిన్నిగారి దగ్గర వచ్చింది. నోరు పెద్దదనే పేరు కూడా అక్కడిదేనేమో.

నాన్నగారికిప్పుడు ఎనభై దాటాయి. బెంజ్ సర్కిల్ దగ్గర మా ఫ్లాటులోనే ఉంటారు. చెవులు బాగానే పనిచేస్తాయి. రాత్రిపూట ఆయనకి వడ్డించినప్పుడల్లా అడుగుదామనుకుంటాను. రెండుసార్లు అడిగాను కూడా. "మీ అమ్మకి భక్తి ఎక్కువే" అని మజ్జిగ పోయమన్నారు. ఆ వంటింట్లో, పీట మీద, ఆమె ఎదురుగా కూర్చునే కదా రోజూ అన్నం తిన్నారు. నాన్నగారూ, మీకు నిజంగా తెలియలేదా, తెలిసే రెండో ముద్ద కలుపుకున్నారా?