బాప్తిస్మపు తొట్టిలో చేపలు

చర్చి వెనక బాప్తిస్మపు తొట్టిలో చేపలన్నీ పైకి తేలి నోళ్లు తెరుస్తున్నాయన్న కబురు మొదట తెచ్చింది మా మేనత్త. ఆ ఆదివారం బాప్తిస్మం ఆమెదే. అందుకే కొత్తూరు నుంచి వచ్చి మా ఇంట్లో దిగింది. ఏళ్ల తరబడి వద్దన్న మామ ఆ ఎండాకాలం ఎందుకో సరేనన్నాడు. ఆయన మనసు మారేలోపు అయిపోవాలని ఆమె ఆరాటం. రోజూ పొద్దున్నే వెళ్లి ఆ నీళ్లు చూసుకొని వచ్చేది.

తొంభైలలో శంషాబాద్‌లో మా వైపు వేసవి నీళ్లంటే ట్యాంకరు నీళ్లే. దొరికినప్పుడే పట్టుకోవాలని వారం ముందే తొట్టి నింపారు. నిలవ నీళ్లలో దోమపిల్లలు పుట్టాయి. ఉబ్బసంతో నేను బడికి పోలేకపోతే అమ్మే ఇంట్లో చదువు చెప్పేది. ఆ వారం పాఠం తొట్టి గట్టు మీదే జరిగింది. ఆ పురుగులు తలకిందులుగా వేలాడుతూ, తోక చివరి సన్నటి గొట్టం నీటి పైకి పెట్టి గాలి పీలుస్తాయని చూపించింది. సంఘపెద్ద నీటి మీద తెరలా పరుచుకునేలా గాసునూనె, అంటే కిరోసిన్, పోద్దామన్నాడు.

"పురుగులకు ఊపిరాడదు, నిజమే. నూనెల మనిషినెట్ల ముంచుతమన్నా?" అంది అమ్మ.

అప్పుడాయన దగ్గర్లోని హిమాయత్ సాగర్ చెరువు నుంచి పురుగుల్ని తినే చిన్న చేపలు తెచ్చి వదిలాడు. భక్తి కొద్దీ బిందెలకు బిందెలు తెచ్చాడు. కొత్త దోమలు రాకుండా పైన టార్పాలిన్ కూడా కప్పాడు. మర్నాడే అత్త ఆ కబురుతో వచ్చింది.

అందరం పరుగెత్తాం. "నాకంటె ముందుగాల ఇవి లైన్ల నిలవడ్డయి వదినా," అని అత్త నవ్వబోయి, చచ్చినవేమైనా ఉన్నాయా అని తొట్టి చుట్టూ తిరిగి చూసింది. చేపలు చచ్చి నీళ్లు కంపు కొడితే ఆదివారానికి మళ్లీ ట్యాంకరు దొరకదు.

"నీళ్లల్ల ఉండే చాపకు గాలేంది?" అన్నాడు సంఘపెద్ద.

"నీళ్లల్ల కలిసిన గాలే దాని ఊపిరన్నా. గిన్ని చాపలు గింత నీళ్లల్ల ఉంటే అది ఎంతసేపొస్తది?" అంది అమ్మ.

అమ్మ టార్పాలిన్ లాగేసి, బకెట్‌తో నీళ్లు ముంచి, చేతులెత్తి పైనుంచి ధారగా పోసింది. పడే నీళ్లు గాలిని వెంట తీసుకుపోతాయి. ఆడవాళ్లంతా కీర్తనలు పాడుతూ తమ బకెట్లతో తలా కాసేపు పోశారు, అమ్మ మాత్రం తన బకెట్ వదల్లేదు. సంఘపెద్ద గొణుక్కుంటూనే సగం చేపల్ని తిరిగి సాగర్‌కు మోశాడు.

నేను వంగి చూస్తూ ఉండిపోయాను. చేప నోటితో తీసుకున్న నీళ్లు మొప్పల గుండా బయటికి పోతాయి. ఆ ఎర్రని రేకుల్లోని నెత్తురు నీళ్లలోని గాలిని దారిలోనే అందుకుంటుందని అమ్మ చెప్పింది. ఒక్క గుక్క గాలి కోసం దిండ్లకు ఆనుకొని కూర్చునేదాన్ని నేను. నీళ్లలోంచే ఊపిరి తీసే ఆ పనితనం చూసి మనసులోనే దేవునికి వందనాలు చెప్పుకున్నాను. మధ్యాహ్నానికి చేపలు ఒక్కొక్కటే అడుక్కి దిగాయి.

ఆదివారం పొద్దున పాత చీరతో చేపల్ని పట్టి తీశారు. ఒకటి తప్పించుకున్నట్టుంది. పాస్టరుగారు ముంచబోతుంటే, "జర ఆగుండ్రి అయ్యగారూ, కాలుకు ఏందో తగులుతుంది," అంది అత్త. అందరూ నవ్వారు. వెనక నిలబడ్డ మామ కూడా నవ్వాడు. అత్త మునిగి లేచి, నిండా ఊపిరి తీసుకుంది.

అమ్మ ఇప్పుడు లేదు. అత్త బాప్తిస్మం ఆగిపోకూడదని ఆ పూటంతా బకెట్ వదలని మా అమ్మను, ఇది చదివినవారు ఒక్కసారి తలచుకొని దేవునికి ఒక స్తుతి చెల్లించండి.